పోలో జీటీ టీఎస్ఐకి షాక్స్ మార్చి నాలుగేళ్లు: స్ప్రింగుల జోలికి ఎందుకు వెళ్లలేదంటే

నాది 2016 ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ. 1.2 లీటర్ టర్బో ఇంజిన్, 105 పీఎస్, 175 న్యూటన్ మీటర్ల టార్క్, ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్). ఇంజిన్ ఇప్పటికీ మనసు నింపుతుంది. కానీ 70 వేల కిలోమీటర్లు దాటేసరికి బాడీ వదులైనట్టు అనిపించడం మొదలైంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద లేన్ మారితే వెనక భాగం ఒక క్షణం ఆలస్యంగా సర్దుకునేది. ఘాట్ రోడ్డులో స్టీరింగ్ తిప్పాక బండి మొదట పక్కకు ఒరిగి, ఆ తర్వాతే తిరిగేది. సస్పెన్షన్ మీద డబ్బు పెట్టాలనుకున్నాను. అయితే ఒకేసారి పెద్ద మొత్తం పెట్టే స్థితి లేదు. అందుకే విడతలుగా ముందు రబ్బరు భాగాలు, తర్వాత టైర్లు, ఆపైన షాక్స్ (స్ప్రింగుల ఊపును అదుపు చేసే షాక్ అబ్జార్బర్లు) మార్చాను. స్ప్రింగులు మాత్రం కంపెనీవే, ఎత్తు కూడా ఏమీ తగ్గించలేదు. షాక్స్ మార్చాక నాలుగేళ్లు, దాదాపు 40 వేల కిలోమీటర్లు నడిపి రాస్తున్నాను.

స్పోర్టీ కారు ఉన్నవాళ్లు సస్పెన్షన్ గురించి అడిగితే వెంటనే వచ్చే సలహా లోయరింగ్ స్ప్రింగులో (బండి ఎత్తు తగ్గించేవి), కాయిలోవర్లో (స్ప్రింగు, షాక్ కలిసి ఎత్తు సర్దుకునే సెట్) వేసుకోమని. దానికంటే ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. అంత తిరిగిన బండిలో మనకు తెలిసేది కంపెనీ సస్పెన్షన్ కాదు, అరిగిపోయిన సస్పెన్షన్. లోయర్ ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని పట్టే కింది చేయి కీళ్లలోని రబ్బరు), లింక్ రాడ్లు (బండి ఒరగకుండా ఆపే కడ్డీని సస్పెన్షన్‌కు కలిపేవి), స్ట్రట్ మౌంట్ (ముందు షాక్‌ను పైన బాడీకి పట్టి ఉంచేది), దాని బేరింగ్ వయసుతో పాటు సాగుతాయి, వదులవుతాయి. ఇవి అరిగి ఉన్నప్పుడు ఎంత ఖరీదైన షాక్ వేసినా స్టీరింగ్‌లో ఆ నిక్కచ్చితనం రాదు. నేను మొదట లోయర్ ఆర్మ్ బుష్‌లు, లింక్ రాడ్లే మార్చాను. బ్రేక్ వేసినప్పుడు బండి పక్కకు లాగడం ఆగింది, గుంతల్లో వచ్చే టక్ టక్ శబ్దం పోయింది. మొత్తం పనిలో అతి తక్కువ ఖర్చు దీనికే. అయినా తేడా ఎక్కువగా తెలిసింది ఇక్కడే.

బుష్‌లు వేయించేటప్పుడు ఒక్క విషయం పట్టుబట్టండి. బండి లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతుండగా ఆ బోల్టులను ఫైనల్‌గా బిగించకూడదు. బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడు బిగించాలి. లేకపోతే బండి కిందికి దిగగానే రబ్బరు మెలితిరిగి, ఎప్పుడూ ఆ టెన్షన్‌లోనే ఉండి తొందరగా చిరుగుతుంది. చాలా చోట్ల తొందరలో ఇది వదిలేస్తారు. నేను పక్కనే నిలబడి చేయించుకున్నాను.

టైర్ల గురించి ఎక్కువ చెప్పను. 185/60 ఆర్15 (185 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 60 శాతం సైడ్‌వాల్ అంటే టైరు పక్క గోడ ఎత్తు, 15 అంగుళాల రిమ్) తీసేసి అదే రిమ్ మీద 195/60 ఆర్15 వేశాను. వ్యాసం 12 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంటే గ్రౌండ్ క్లియరెన్స్ 6 మిల్లీమీటర్లు ఎక్కువవుతుంది. స్పీడోమీటర్‌లో తేడా రెండు శాతమే. 16 అంగుళాల రిమ్ చూడటానికి బాగుంటుంది. కానీ సైడ్‌వాల్ తగ్గితే మన గుంతల దెబ్బ నేరుగా రిమ్‌కే తగులుతుంది. రిమ్ములకు పెట్టే డబ్బు షాక్స్‌కు పెట్టడం మేలు.

అసలు తేల్చుకోవాల్సింది షాక్స్ దగ్గర. ఈ కారుకు ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (షాక్, స్ప్రింగు ఒకటిగా ఉండేది), వెనక ట్విస్ట్ బీమ్ (రెండు చక్రాలనూ కలిపే మెలితిరగగల అడ్డ దూలం). బిల్‌స్టీన్ బ్రాండ్ షాక్స్‌లో బీ4 అంటే కంపెనీ షాక్‌కు బదులు వేసుకునేది, ట్విన్ ట్యూబ్ (ఒకదానిలో ఒకటి రెండు గొట్టాలు), స్వభావం కూడా దాదాపు అదే. బీ6 అంటే మోనోట్యూబ్ (ఒకే గొట్టం), కంపెనీ స్ప్రింగులతో అదే ఎత్తులో వాడటానికి చేసింది. బీ8 ఎత్తు తగ్గించిన బండ్ల కోసం, దాని స్ట్రోక్ (లోపలికీ బయటికీ కదిలే దూరం) చిన్నది. కోనీ బ్రాండ్‌లో నారింజ రంగు ఎస్‌టీఆర్.టీ చవకైనది, పసుపు రంగుది రీబౌండ్‌ను (షాక్ తిరిగి సాగేటప్పటి పట్టును) సర్దుకునేది. రోజూ ఆఫీసుకు వెళ్తూ అప్పుడప్పుడు ఘాట్ ఎక్కే బండికి బీ6 సరిపోతుందనుకున్నాను. నాలుగింటికీ కలిపి ఒక మంచి టైర్ల సెట్ ధరకు రెట్టింపు కంటే కాస్త ఎక్కువే అయింది. మంచి కాయిలోవర్ కిట్‌తో పోలిస్తే ఇది తక్కువే. అంత కూడా వద్దనుకుంటే నా ఓటు బీ4కే, పేరు తెలియని చవక కాయిలోవర్‌కు కాదు.

మోనోట్యూబ్‌లో ఆయిల్, నైట్రోజన్ గ్యాస్ కలవకుండా మధ్యలో విడిగా కదిలే పిస్టన్ ఉంటుంది. గతుకుల రోడ్డులో ఎంతసేపు ఆడినా ఆయిల్ నురగ కట్టదు, పట్టు తగ్గదు. మన రోడ్లకు ఇది నిజంగా పనికొచ్చే గుణం.

బిగింపు విషయానికొస్తే, వెనక స్ప్రింగు వేరు, షాక్ వేరు కాబట్టి అక్కడ పని తేలిక. ముందు మాత్రం స్ట్రట్ కిందికొన హబ్‌లోకి (చక్రం బిగించే భాగంలోకి) దిగి క్లాంప్ బోల్ట్‌తో పట్టుకుని ఉంటుంది. ఆ క్లాంప్‌ను తెరవడానికి చిన్న స్ప్రెడర్ టూల్ కావాలి. అది లేనివాళ్లు సుత్తితో కొడతారు, అలాంటి చోట ఇవ్వకండి. అప్పుడే స్ట్రట్ మౌంట్లు, బేరింగులు, బంప్ స్టాపులు (షాక్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు ఆపే రబ్బరు దిమ్మలు), డస్ట్ కవర్లు కూడా కొత్తవి వేయించాను. ఎలాగూ అంతా విప్పాక మళ్లీ లేబర్ ఎందుకు? చివర్లో వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి.

ఇక నడిపితే ఎలా ఉంటుందో చెప్తాను. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 11.6 కిలోమీటర్లు. దాని ఎక్స్‌పాన్షన్ జాయింట్లు షాక్స్‌కు మంచి పరీక్ష. పాత షాక్స్ మీద ఒక్కో జాయింట్‌కు వెనక భాగం రెండు మూడు సార్లు ఊగేది. ఇప్పుడు ఒక్క దెబ్బ స్పష్టంగా తెలుస్తుంది, అక్కడితో అయిపోతుంది. 80 దాటాక రైడ్ పాతదానికంటే మెత్తగా ఉందనిపిస్తుంది, బాడీ ఊగదు కాబట్టి. శ్రీశైలం దారిలో దోమలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే మలుపుల్లో అయితే మనసు నిండిపోయింది. బ్రేక్ వదిలి స్టీరింగ్ తిప్పగానే ముందు భాగం తిరుగుతుంది, ఒరగడానికి సమయం తీసుకోదు. బాడీ రోల్ పూర్తిగా పోలేదు, స్ప్రింగులు పాతవే కదా. కానీ ఒక్కసారిగా ఒరగదు, మెల్లగా ఒరిగి అక్కడే నిలబడుతుంది. దాంతో నమ్మకం వస్తుంది. మన్ననూరు నుంచి అంతా టైగర్ రిజర్వ్ కాబట్టి అడవి దారిలో వేగం వద్దు, ఎప్పుడు ఏ జంతువు అడ్డొస్తుందో తెలియదు.

నగరంలో నెమ్మదిగా వెళ్లేటప్పుడు మాత్రం కొంత గట్టిగానే ఉంటుంది. కాలనీ రోడ్లలో పాచ్‌లు, మ్యాన్‌హోల్ మూతలు ప్రతిదీ సీట్లో తెలుస్తుంది. వెనక సీట్లో కూర్చునే మా అమ్మ మొదట్లో ఇబ్బంది పడింది. వెనక టైర్లలో గాలి రెండు పీఎస్ఐ తగ్గించాక సరిపోయింది. ఇంట్లో పెద్దవాళ్లు రోజూ కూర్చునే బండి అయితే బీ4 వైపే చూడండి.

స్ప్రింగులు ఎందుకు వద్దన్నానో చెప్పాలి. నా స్నేహితుడి పోలోకు 30 మిల్లీమీటర్లు తగ్గించే స్ప్రింగులు కంపెనీ షాక్స్ మీదే వేశారు. అదే ఘాట్‌లో రెండు బండ్లూ నడిపాను. అది చూడటానికి ఎంతో అందంగా ఉంది. కానీ మలుపు మధ్యలో గతుకు వస్తే బంప్ స్టాప్‌కు తగిలి బండి పక్కకు గెంతుతోంది. కారణం అర్థం చేసుకోదగ్గదే. ఎత్తు తగ్గితే షాక్ లోపలికి వెళ్లే దూరం తగ్గుతుంది. పైగా మెక్‌ఫర్సన్‌లో బండి కిందికి దిగితే లోయర్ ఆర్మ్ కోణం మారి, రోల్ సెంటర్ (బండి ఒరిగేటప్పుడు ఇరుసులా ఉండే ఊహా బిందువు) బాడీ కంటే ఎక్కువగా కిందికి పోతుంది. అంటే బండిని ఒరిగించే బలానికి మీట పొడవు పెరుగుతుంది. స్ప్రింగు ఎంత గట్టిదైనా అందులో కొంత ఈ నష్టాన్ని పూడ్చడానికే ఖర్చవుతుంది.

పోలో గ్రౌండ్ క్లియరెన్స్ 165 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అందులో 30 తీసేస్తే ఇక మిగిలేదెంత? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. మన వీధుల్లో ఎవరికి వారు పోసుకున్న సిమెంటు దిబ్బలకు ఆ కొలతలు ఎక్కడివి? నలుగురు కూర్చుంటే కింద గీసుకోవడం ఖాయం.

చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగి బీమా క్లెయిమ్ దాకా వెళ్తే, ఎత్తు తగ్గించిన బండి సర్వేయర్ కంటికి ముందే కనబడుతుంది.

నాలుగేళ్ల తర్వాత పరిస్థితి ఇదీ: నాలుగు షాక్స్‌లో ఎక్కడా ఆయిల్ చెమర్చలేదు. ముందు లింక్ రాడ్లు ఒకసారి మళ్లీ మార్చాను. టైర్లు ముందు వెనక మార్చుకుంటూ వాడితే సమానంగా అరిగాయి. మొదటి నెలలో మాత్రం ఎడమ వైపు పై నుంచి సన్నటి శబ్దం వచ్చింది. స్ట్రట్ మౌంట్ నట్ సరిగ్గా బిగియలేదని తేలింది, టార్క్ రెంచ్‌తో బిగించాక పోయింది.

ఇక మిగిలింది వెనక బీమ్ బుష్‌లు. వాటిని తీయడానికి బీమ్ దింపి ప్రెస్ చేయాలి, లేబరే ఎక్కువ. పాలీయురెథేన్‌వి (రబ్బరు కంటే గట్టి ప్లాస్టిక్ లాంటివి) వేయమంటున్నారు కానీ, శబ్దం, అదురు లోపలికి వస్తాయి కాబట్టి నేను కంపెనీ రబ్బరువే తెప్పిస్తున్నాను.