బోరు గేజి, మైక్రోమీటరు, బ్యూరెట్: పాత బుల్లెట్ ఇంజన్ల మీద ఏడేళ్ల వాడకం

ఏడేళ్ల క్రితం కొత్త పిస్టన్ వేసి కట్టిన నా బుల్లెట్ 350 ఇంజను 180 కిలోమీటర్లు తిరిగేసరికి పట్టేసింది. హైదరాబాదు వెళ్తూ సూర్యాపేట దాటానో లేదో, వెనక చక్రం ఒక్కసారి కీచుమంది. క్లచ్ పట్టుకుని బండిని పక్కకు తీశాను. ఇంటికి తెచ్చి విప్పితే పిస్టన్ స్కర్టు (పిస్టన్ కింది భాగం) మీద ముందూ వెనకా నిలువు గీతలు, పిస్టన్ ఆడే గొట్టం, అంటే బ్యారెల్, గోడకు అంటుకుపోయిన అల్యూమినియం. బోరింగ్ చేసిన చోట, అంటే బ్యారెల్ లోపలి గోడను చెక్కి కొత్త పిస్టన్‌కు సరిచేసిన చోట, ఇచ్చిన చీటీలో క్లియరెన్స్ (పిస్టన్‌కూ గోడకూ మధ్య సందు) 3 థౌ అని ఉంది. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. 3 థౌ అంటే 0.076 మిల్లీమీటర్లు. గీతలు పడని చోట ఒక మిత్రుడి గేజితో కొలిస్తే వచ్చింది 0.04. చీటీ మీద ఉన్నదాంట్లో దాదాపు సగం.

ఆ వారమే కొలిచే సామాను కొనడం మొదలుపెట్టాను. ఏడేళ్లలో ఇరవైకి పైగా ఇంజన్లు ఆ సామానుతోనే కట్టాను. ఎక్కువగా ఇనుప బ్యారెల్ బుల్లెట్లు, కొన్ని యెజ్డీలు. ఏది డబ్బుకు తగ్గ పని చేసింది, ఏది చేయలేదు అన్నది ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

మొదట కొన్నది టెలిస్కోపిక్ గేజి. టీ ఆకారంలో ఉంటుంది. స్ప్రింగు చేతులు బోరు గోడలకు ఆనాక బిగించి, బయటికి తీసి మైక్రోమీటరుతో కొలవాలి. చవక. రెండేళ్లు వాడాను. ఒకే బ్యారెల్‌ను అయిదుసార్లు కొలిస్తే అయిదు అంకెలు వచ్చేవి, మధ్య తేడా 0.03 దాకా ఉండేది. మనం పట్టుకోవాలనుకునే సందే 0.08 అయినప్పుడు 0.03 తేడాతో ఏం నిర్ణయిస్తాం? చెయ్యి బాగా తిరిగినవాళ్లు దీంతోనే పని చక్కబెడతారు, వాళ్లంటే నాకు గౌరవం. నాకు మాత్రం అది చేతకాలేదు. డిజిటల్ వెర్నియరు తెర మీద 0.01 వరకు చూపిస్తుంది కానీ దాని అసలు ఖచ్చితత్వం 0.02, 0.03 దగ్గరే ఆగిపోతుంది. గాస్కెట్ మందానికి, వాషర్లకు అది చాలు. పిస్టన్‌కు వాడకండి.

ఇక అసలు విషయం, డయల్ బోరు గేజి. 50 నుంచి 150 మిల్లీమీటర్ల వరకు లోపలి వ్యాసం కొలిచేది, డయల్ మీద ఒక్కో గీత 0.01. దానికి తోడు 50-75 మైక్రోమీటరు, మిటుటోయో వారిది. ఈ రెంటినీ కలిపి వాడే పద్ధతి ఒకటుంది. ఆటోనగర్‌లో బోరింగ్ చేసే ఒక పెద్దాయన నాకు నేర్పారు. ముందు పిస్టన్ స్కర్టును, గజన్ పిన్నుకు (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్డుకు కలిపే పిన్ను) అడ్డంగా, కింది అంచుకు కాస్త పైన మైక్రోమీటరుతో పట్టాలి. అంకె చూడనక్కర్లేదు. అక్కడే మైక్రోమీటరును లాక్ చేసి, పిస్టన్ తీసేసి, ఆ ఖాళీలో బోరు గేజిని పెట్టి డయల్‌ను సున్నాకు తిప్పాలి. తర్వాత గేజిని బ్యారెల్‌లోకి దించితే ముల్లు ఎంత చూపిస్తే అంత క్లియరెన్స్. తీసివేతలు లేవు. మైక్రోమీటరులో 0.01 దోషం ఉన్నా అది రెండువైపులా పడి కొట్టుకుపోతుంది. పిస్టన్ ఒకచోట, బ్యారెల్ మరోచోట, వేర్వేరు పరికరాలతో కొలిచినప్పుడే తప్పుడు చీటీలు పుడతాయి. నా మొదటి బ్యారెల్‌కు జరిగింది అదేనని నా నమ్మకం.

గేజిని లోపల పెట్టాక చేతిని మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపాలి. ముల్లు ఒక వైపు పోతూ పోతూ ఒకచోట ఆగి వెనక్కి తిరుగుతుంది. ఆ తిరిగే చోటే సరైన కొలత. మొదటి నెలలో ఆ చోటు పట్టుకోవడానికి ఊపిరి బిగబట్టేవాణ్ణి. ఇప్పుడు వేళ్లకే తెలిసిపోతుంది. పైన, మధ్యలో, కింద, ఒక్కోచోట రెండు దిశల్లో, మొత్తం ఆరు కొలతలు. పాత బ్యారెల్‌లో పై రింగు ఆగే చోట, పిస్టన్ ఒరుసుకునే ముందూ వెనకా దిశలో అరుగుదల ఎక్కువగా ఉంటుంది. ఆ ఆరు అంకెలు పక్కపక్కన రాస్తే బ్యారెల్ ఎలా అరిగిందో బొమ్మ కట్టినట్టు కనిపిస్తుంది. యెజ్డీలో బ్యారెల్ గోడకు పోర్టులు, అంటే గాలి, పొగ పోయే కిటికీలు, ఉంటాయి కాబట్టి గేజి కొన అంచుకు తగిలి దెబ్బ తింటుంది, జాగ్రత్త.

విజయవాడలో ఉండేవారికి ఎండ గురించి వేరుగా చెప్పాలి. అల్యూమినియం వేడికి ఇనుముకంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. 70 మిల్లీమీటర్ల పిస్టన్ 10 డిగ్రీలు వేడెక్కితే 0.016 పెరుగుతుంది. బండి డిక్కీలో ఎండకు కాగిన పిస్టన్‌ను నీడలో ఉన్న బ్యారెల్ పక్కన పెట్టి కొలిస్తే ఆ లెక్క తప్పు. నేను రెంటినీ, పరికరాలతో సహా, రాత్రంతా ఒకే బల్ల మీద ఉంచి తెల్లవారి ఆరింటికి కొలుస్తాను. పిస్టన్‌ను చేతిలో ఎక్కువసేపు పట్టుకోను.

ఎంత సందు వదలాలి? పిస్టన్ పెట్టె మీద తయారీదారు ఇచ్చిన అంకెదే మొదటి మాట. అది లేకపోతే గాలితో చల్లబడే ఇనుప బ్యారెల్ బుల్లెట్‌కు నేను 0.08 కంటే తక్కువ పెట్టను. ఫీలర్ గేజి రేకును (మందం ముందే తెలిసిన పలుచని రేకు) పిస్టన్ పక్కన దూర్చి చూడడం మన దగ్గర చాలామందికి అలవాటు. గుండ్రటి గోడ మధ్య బల్లపరుపు రేకు సరిగ్గా ఆనదు, ఉన్న సందుకంటే తక్కువ చూపిస్తుంది. రింగు కొనల మధ్య ఖాళీకి మాత్రం ఫీలరే సరైనది. 70 బోరుకు 0.28 దగ్గర ఉంచుతాను.

బ్యూరెట్ సంగతికి వస్తే, అది కింద కుళాయి ఉన్న కొలత గొట్టం; నాది 50 మిల్లీలీటర్ల గాజుది, 0.1 గీతలతో. కంప్రెషన్ రేషియో, అంటే పాఠ్యపుస్తకాల్లోని సంపీడన నిష్పత్తి, కొలవడానికి తెచ్చాను. హెడ్డును తిరగేసి, వాల్వులు, ప్లగ్గు బిగించి, అంచుకు పలుచగా గ్రీజు రాసి, చిన్న రంధ్రం ఉన్న యాక్రిలిక్ పలకను అతికించి, కిరోసిన్‌లో కాస్త టూటీ ఆయిల్ (టూ స్ట్రోకు బండ్లలో పోసే నూనె) కలిపి పోస్తాను. ఆ రంగు వల్ల గీత స్పష్టంగా కనిపిస్తుంది. చివర్లో పలక కింద ఒక చిన్న గాలి బుడగ ఉండిపోతుంది. హెడ్డును ఒక పక్కకు వంచితే అది రంధ్రం దాకా జరుగుతూ వచ్చి పైకి పోతుంది. అది పోయాకే అంకె రాసుకోవాలి.

బుల్లెట్ 350 బోరు 70, స్ట్రోకు 90, ఘనపరిమాణం 346 సీసీ. 20 థౌ ఓవర్‌సైజు, అంటే అంత పెద్ద, పిస్టన్ వేస్తే 351.4 అవుతుంది. నా హెడ్డులో 52.5, నలిగిన గాస్కెట్‌లో 4, పిస్టన్ పైన 3, మొత్తం 59.5. 351.4నూ 59.5నూ కూడి 59.5తో భాగిస్తే 6.9. పిస్టన్ తల ఉబ్బెత్తుగా ఉంటే దాన్ని సరిగ్గా 10 మిల్లీమీటర్లు కిందికి దించి, గోడ వెంట గ్రీజు రాసి, పైన పలక పెట్టి నింపి, అంత ఎత్తు సిలిండరుకు పట్టే ఘనపరిమాణాన్ని తీసేస్తే పిస్టన్ పైన ఖాళీ ఎంతో వస్తుంది. యెజ్డీ లాంటి టూ స్ట్రోకుల్లో ఎగ్జాస్ట్ పోర్టు మూసుకున్న చోటి నుంచి లెక్కించే రేషియో వేరు, పూర్తి స్ట్రోకుతో లెక్కించేది వేరు. రెండు పుస్తకాల్లోని అంకెలను పోల్చేముందు ఏది ఏదో చూసుకోండి.

పై లెక్కలో ఒక సీసీ తప్పు వస్తే రేషియో 6.9 నుంచి 7.0కు మారుతుంది, అంతే. ఇంజనుకు ఆ తేడా తెలియదు. కాబట్టి మందుల షాపులో దొరికే 20 మిల్లీలీటర్ల సిరంజితో కూడా ఈ పని నిశ్చింతగా చేయవచ్చు. నేను బ్యూరెట్ వాడుతూనే ఉన్నాను, చేతికి హాయిగా ఉంటుంది కాబట్టి. కొత్తగా మొదలుపెట్టేవారు మాత్రం ఆ డబ్బును బోరు గేజి మీద పెట్టాలి. అక్కడ 0.03 తప్పితే ఇంజను రోడ్డు మీద ఆగుతుంది.

వాడకంలో చెడినవి కొన్ని. గాజు కుళాయి ఉన్న మొదటి బ్యూరెట్ గ్రీజును కిరోసిన్ కడిగేయడంతో బిగుసుకుపోయింది. టెఫ్లాన్ కుళాయిది అయిదేళ్లుగా కారలేదు. యాక్రిలిక్ పలకను నేను ఒకసారి థిన్నరుతో తుడిచాను, మర్నాటికి సన్నని పగుళ్లు తేలాయి. బోరు గేజి ముల్లు వానాకాలంలో రెండుసార్లు మొరాయించింది. ఇప్పుడు పెట్టెలో సిలికా సంచి వేసి, కొనలకు నూనె రాసి పెడుతున్నాను, మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు.

సూర్యాపేట దగ్గర ఆగిన బండిని 20 థౌకు మళ్లీ బోరింగ్ చేయించాను. ఈసారి పిస్టన్ కూడా పట్టుకెళ్లి పెద్దాయన ముందు పెట్టాను. "పిస్టన్ తెచ్చావు కదా బాబూ, ఇక నా మాట నమ్మొద్దు, నువ్వే కొలుచుకో" అన్నారు. అక్కడే కొలిచాను: 0.08. పోయిన సంక్రాంతికి, 14,000 కిలోమీటర్ల తర్వాత, హెడ్డు తీసినప్పుడు బ్యారెల్ పైభాగంలో 0.02 అరిగింది, పిస్టన్ మీద మచ్చ లేదు. కొత్త రింగులు వేసి అదే పిస్టన్‌తో కట్టేశాను.