ఆరేళ్ల వాన డ్రమ్ము: నా గొడవంతా కొళాయితోనే

డాలస్ దగ్గర మా పెరట్లో ఈ వాన నీళ్ల డ్రమ్ము పెట్టి ఆరేళ్లు దాటింది. ఎన్ని గ్యాలన్లు, ఏ ప్లాస్టిక్కు, ఇంటి కప్పు అంచున వాన నీళ్లు దింపే గట్టర్ గొట్టానికి ఎలా తగిలించాలి అన్నది కొనేచోటే రాసి ఉంటుంది. నేను చెప్పేది దాని కొళాయి సంగతి.

మొదటి రెండేళ్లు ఆ కొళాయిని తెగ మెచ్చుకున్నాను. ఇత్తడి బాల్ వాల్వ్, పావు తిప్పు తిప్పితే ధార. ఇంటికి వచ్చినవాళ్లందరినీ పెరట్లోకి తీసుకెళ్లి తిప్పి చూపించేవాణ్ణి. "ఇత్తడి కదండీ, మన తర్వాత కూడా ఉంటుంది" అన్న మాట నాదే. నా మాట విని ఇద్దరు కొన్నారు కూడా.

2021 ఫిబ్రవరి వచ్చింది. పెద్ద చలి వస్తోందని ముందే చెప్పారు. నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయని తెలుసు కాబట్టి శుక్రవారం సాయంత్రం నిండు డ్రమ్మును పచ్చిక మీదకి వదిలేశాను. కొళాయి కాస్త పైకి ఉండటంతో అడుగున నాలుగు వేళ్ల నీళ్లు మిగిలాయి. మిగిలితే మిగిలాయిలే, పైకి ఉబ్బడానికి చోటుంది కదా అనుకున్నాను. అలవాటు కొద్దీ కొళాయి కట్టేశాను. చేసిన తప్పల్లా అదే.

సోమవారం తెల్లారకముందే కరెంటు పోయింది. మంగళవారం పొద్దున మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 19 సెల్సియస్. ఇంట్లో పైపులు బిగుసుకుపోయి చుక్క నీళ్లు లేవు. బాత్‌రూమ్‌లో పోయడానికి పెరట్లోంచి మంచు తెచ్చి గ్యాస్ పొయ్యి మీద కరిగించాం. బకెట్ నిండా మంచు వేస్తే అడుగున చెంబెడు నీళ్లు తేలాయి. నాలుగు రోజుల ముందు నేనే 200 లీటర్లు పచ్చిక మీద పారబోశానన్న సంగతి మా ఆవిడ మూడుసార్లు గుర్తుచేసింది. నాలుగోసారి చూపుతో సరిపెట్టింది.

వారాంతంలో ఎండ కాసి, కప్పు మీది మంచు కరిగి గట్టర్‌లోంచి డ్రమ్ములోకి దిగింది. పోన్లే, కొన్నైనా దక్కుతాయి అనుకుంటుండగా పునాది పక్కన మట్టి తడిగా కనిపించింది. కూర్చుని కొళాయి కింద వేలు పెట్టి తడిమాను. ఇత్తడి మీద వెంట్రుకంత చీలిక, దాన్నుంచి బొట్టు బొట్టుగా కారుతోంది. విప్పి చూస్తే విషయం అర్థమైంది. లోపల చిల్లున్న గుండు ఉంటుంది. పిడి తిప్పి కట్టేసినప్పుడు చిల్లు అడ్డం తిరుగుతుంది, అందులో ఉన్న నీళ్లు అటూ ఇటూ పోలేక ఇరుక్కుపోతాయి. చెంచాడు నీళ్లే. అవే గడ్డకట్టి ఇత్తడిని చీల్చాయి. డ్రమ్ముకి మాత్రం గీత కూడా పడలేదు, అది ఒప్పుకోవాలి.

కొత్త కొళాయి వేశాను. ఇప్పుడు చలి కబురు రాగానే గట్టర్ గొట్టాన్ని పక్కకి తిప్పేసి, డ్రమ్ము ఖాళీ చేసి, పిడిని పూర్తిగా కట్టకుండా సగంలో ఆపుతాను. అప్పుడు గుండులో నీళ్లు నిలవవు. 2022 క్రిస్మస్ ముందు వచ్చిన చలికి ఇదే చేశాను, ఏమీ కాలేదు.

మొక్కల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే డ్రమ్ము కొన్నదే వాటి కోసం. 2021లో కరివేపాకు కుండీని గరాజ్‌లో పెట్టాం. కరెంటు లేని గరాజ్ ఏం కాపాడుతుంది, ఆకులన్నీ నల్లబడి రాలిపోయాయి. అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసి "ఒరేయ్, చెట్టు బతికిందా?" అంది. మేం బతికామా అన్నది తర్వాత అడిగింది. జానెడు మోడు ఉంచి కోసేస్తే మే నెలలో మొదట్లోంచి చిగురేసింది. మల్లె మాత్రం పోయింది, దాని మీద కప్పిన ప్లాస్టిక్ పట్టా ఆకులకి అంటుకున్నచోటల్లా మాడిపోయింది. ఇప్పుడు నేలమీద ఉన్నవాటికి గుడ్డ కప్పుతాను, అంచులు నేలకి ఆనేలా ఇటుకలు పెడతాను. లోపల పాతకాలపు క్రిస్మస్ బల్బుల తీగ వేస్తాను. ఎల్ఈడీ వేస్తే వెలుగే గానీ వేడి ఉండదు.

కొనమంటారా అంటే, మాకు కొళాయిని చీల్చేంత గట్టి చలి ఏడాదిలో కొద్ది రాత్రులే. ఇక్కడి నల్లమట్టి ఎండాకాలం నెర్రెలిచ్చి పునాదిని కదిలిస్తుంది, దానికి తడి పెట్టడానికి ఈ నీళ్లు నాకు పనికొస్తున్నాయి. చికాగోలో మా తోడల్లుడు అక్టోబర్‌లోనే తన డ్రమ్ము బోర్లించేస్తాడు, అతనికి ఈ గొడవే లేదు, ఆర్నెల్లు డ్రమ్మూ లేదు. నేను ఇదే మళ్లీ కొంటానేమో, కానీ ఇత్తడి గురించి మాట్లాడను.

అన్నట్టు, ఇప్పుడు ఖాళీ చేసే ముందు నాలుగు బకెట్లు నింపి బాత్‌రూమ్‌లో పెడుతున్నాను.