సెకండ్‌హ్యాండ్ నెట్‌వర్క్ ప్రింటర్ కొనేవాళ్లకు హెచ్చరిక: బ్లూ స్క్రీన్ వస్తే ఫార్మాట్‌కు డబ్బులు కట్టకండి

తిరుపతి, చిత్తూరులో జిరాక్స్ షాపు, నెట్ సెంటర్ పెట్టుకునేవాళ్లు జాగ్రత్త. ఇక్కడ ఒక డీలరు సెకండ్‌హ్యాండ్ కాపియర్ (నెట్‌వర్క్ ప్రింటర్‌గా కూడా వాడే జిరాక్స్ మిషన్) దింపి, పెన్‌డ్రైవ్‌లోని పాత డ్రైవర్ (ప్రింటర్‌ను సిస్టమ్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) ఎక్కించి, ఒక్క టెస్ట్ పేజీ తీసి చూపించి వెళ్లిపోతున్నాడు. తర్వాత పీడీఎఫ్ ప్రింట్ కొట్టగానే బ్లూ స్క్రీన్ వచ్చి సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది. ఫోన్ చేస్తే "మిషన్ బాగానే ఉంది, మీ ర్యామ్ పోయింది, ఫార్మాట్ కొట్టాలి" అని మళ్లీ డబ్బులు అడుగుతున్నాడు.

ముందు డ్రైవర్‌ను అనుమానించండి. 2021 మార్చిలో విండోస్ 10 అప్‌డేట్ కెబి5000802 వచ్చాక క్యోసెరా, రికో, జీబ్రా ప్రింటర్లకు ప్రింట్ ఇస్తే 'ఏపీసీ ఇండెక్స్ మిస్‌మ్యాచ్' అని సిస్టమ్‌లు పడిపోయాయి. ర్యామ్‌లన్నీ బాగానే ఉన్నాయి. మైక్రోసాఫ్టే వారం తిరక్కుండా మరో అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. కాబట్టి బ్లూ స్క్రీన్ మీద ఇలా కనిపించే ఎర్రర్ పేరును, అంటే స్టాప్ కోడ్‌ను, ఫొటో తీసి పెట్టుకోండి, డీలరుతో మాట్లాడేటప్పుడు అదే ఆధారం.

రీస్టార్ట్ అయ్యాక కూడా మళ్లీ పడిపోతోందంటే, ఆగిపోయిన జాబ్ క్యూలోనే ఉండి స్పూలర్ (ప్రింట్ జాబ్‌లను వరసలో పెట్టి ప్రింటర్‌కు పంపే విండోస్ సర్వీసు) దాన్నే మళ్లీ పంపుతోందేమో చూడాలి. లాన్ కేబుల్ పీకేయండి. సర్వీసెస్‌లో 'ప్రింట్ స్పూలర్' స్టాప్ చేసి, సి డ్రైవ్ – విండోస్ – సిస్టమ్32 – స్పూల్ – ప్రింటర్స్ ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లు మాత్రమే డిలీట్ చేయండి, ఫోల్డర్‌ను కాదు. స్పూలర్ ఆపే ఉంచి కాసేపు మామూలు పని చేసుకోండి. అప్పుడూ పడిపోతే ర్యామ్ సంగతి చూడొచ్చు. పడకపోతే తప్పు దాదాపుగా ప్రింటింగ్ వైపే.

తర్వాత స్పూలర్ స్టార్ట్ చేసి, ప్రింటర్‌ను రిమూవ్ చేయండి. అంతటితో డ్రైవర్ పోదు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. 'ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్'లో డ్రైవర్స్ ట్యాబ్‌కు వెళ్లి, డ్రైవర్‌తో పాటు ప్యాకేజీని కూడా తీసేయాలి. కంపెనీ సైట్ నుంచి మీ విండోస్‌కు సరిపోయే 64 బిట్ డ్రైవర్ దించుకోండి. డ్రైవర్లలో పీసీఎల్6, పోస్ట్‌స్క్రిప్ట్ అని రకాలుంటాయి, పీసీఎల్6తో క్రాష్ అవుతుంటే పోస్ట్‌స్క్రిప్ట్ డ్రైవర్ వేసి చూడండి. కొన్ని మిషన్లలో దానికి విడిగా కిట్ ఉండాలి, కొనేటప్పుడే అడగండి. పోర్టు డబ్ల్యూఎస్‌డీ (విండోస్ తనంతట తానే ప్రింటర్‌ను వెతికి కలుపుకునే పద్ధతి) వద్దు. ప్రింటర్‌కు ఐపీ ఫిక్స్ చేసి టీసీపీ/ఐపీ పోర్టు 9100 పెట్టండి. ఊరికే ఆఫ్‌లైన్ అని చూపిస్తుంటే ఆ పోర్టు సెట్టింగుల్లో ఎస్ఎన్ఎంపీ స్టేటస్ (ప్రింటర్ స్థితిని నెట్‌వర్క్‌లో అడిగి తెలుసుకునే ఆప్షన్) టిక్ తీసేయండి.

అసలు కొనకముందే మీ ల్యాప్‌టాప్ తీసుకెళ్లి, లాన్ కేబుల్‌తో కలిపి, ఫొటోలున్న ఇరవై పేజీల పీడీఎఫ్‌ను రెండువైపులా తీయించండి. ఒకసారి క్రోమ్ నుంచి, ఒకసారి వర్డ్ నుంచి. టెస్ట్ పేజీలో నాలుగు లైన్లే ఉంటాయి, దాంతో ఏమీ తేలదు. బిల్లు మీద మోడల్ నంబరు, సీరియల్ నంబరు, 'విండోస్ 11లో పనిచేస్తుంది' అన్న మాట రాయించుకున్నాకే మిగతా డబ్బులు ఇవ్వండి. డీలరు మొండికేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. షాపు కోసం కొన్నారు కాబట్టి కుదరదంటాడు. బతుకుతెరువుకు సొంతంగా నడుపుకునే షాపు కోసం కొన్నా 2019 చట్టం ప్రకారం మీరు వినియోగదారుడే.