‘స్లైస్ పోవడం గ్యారంటీ’ అని అమ్మే గోల్ఫ్ డ్రైవర్ కొనబోయే ముందు ఒక్కసారి ఇది చదవండి

గత నెలలో హైదరాబాదు నుంచి మా బావగారు ఫోన్ చేసి, "ఏం బామ్మర్దీ, స్లైస్ పోగొట్టే డ్రైవర్ ఏదో కొన్నావట కదా, డిసెంబరులో వచ్చేటప్పుడు నాకూ ఒకటి పట్టుకురా, డబ్బులు నేనిస్తాను" అన్నారు. డ్రైవర్ అంటే గోల్ఫ్‌లో బంతిని దూరం కొట్టడానికి వాడే పొడవాటి క్లబ్. గోల్కొండ నయాఖిల్లా దగ్గరి గోల్ఫ్ కోర్సులో రెండేళ్లుగా ఆడుతున్న ఆయనకు కూడా, టీ (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) మీద నుంచి కొట్టిన బంతి నాకు పోయినట్టే కుడివైపు చెట్లలోకి పోతుంది. కుడిచేతి ఆటగాడి బంతి ఇలా కుడివైపు వంగిపోవడాన్నే స్లైస్ అంటారు. "వద్దండి బావగారూ, అది కొని నేను మోసపోయాను" అని చెప్పడానికి మొదట నోరు రాలేదు. చెప్పిన తరువాత మాత్రం, ఇక్కడ టెక్సాస్‌లో ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ చుట్టుపక్కల కొత్తగా గోల్ఫ్ పట్టుకున్న మన తెలుగువారందరికీ కూడా ఈ సంగతి తెలియాలనిపించింది.

2022లో గోల్ఫ్ ప్రొఫెషనల్స్ సంఘమైన అమెరికా పీజీఏ ప్రధాన కార్యాలయం ఫ్లోరిడా నుంచి ఫ్రిస్కోకు తరలివచ్చింది. ఆ మరుసటి ఏడాది దాని పక్కనే రెండు కోర్సులు తెరుచుకున్నాయి. అప్పటి నుంచి మా కాలనీలో శనివారం ఉదయం క్రికెట్ కిట్లతో పాటు గోల్ఫ్ బ్యాగులు కూడా కార్లలోకి ఎక్కుతున్నాయి. మనలో చాలామంది నలభై దాటాక, ఒంట్లో క్రికెట్ అలవాట్లు పాతుకుపోయాక ఈ ఆటకు వచ్చినవాళ్లం. టీ మీద తడబడేది ముఖ్యంగా మనమే కాబట్టి, స్లైస్‌కు మందు అమ్మేవారికి మనం తేలికగా దొరుకుతాం.

నేను మార్చిలో వెళ్లిన దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. అక్కడ జరిగిన తీరు తెలుసుకుంటే, ఏ దుకాణంలో ఎదురైనా మీరు గుర్తుపట్టగలరు. నా ఇబ్బంది ఒక్క స్లైస్ కాదు. పది బంతుల్లో ఆరు కుడివైపు వంగి పోయేవి, రెండు నేరుగా వెళ్లేవి, మిగిలిన రెండు ఎడమవైపు గట్టిగా తిరిగి హుక్ అయ్యేవి. లోపలికి వెళ్లగానే ఈ మాట స్పష్టంగా చెప్పాను. అమ్మకందారు తల ఊపి, సిమ్యులేటర్ గదిలో నా పాత డ్రైవర్‌తో ఆరు బంతులు కొట్టించి, ఆ వెంటనే కొత్త డ్రైవర్ చేతికిచ్చి తొమ్మిది బంతులు కొట్టించారు. పాతదానితో కుడివైపు పోయిన గీతలు కొత్తదానితో తెర మధ్యకు వచ్చేశాయి. నాకు ప్రాణం లేచివచ్చింది. డ్రైవర్‌కు 620 డాలర్లు, ‘స్లైస్ తగ్గించే’ ప్రత్యేకమైన షాఫ్ట్‌కు (క్లబ్ కాడకు) 380, ఐదు పాఠాలకు 450, మొత్తం 1,450 డాలర్లు ఆ గదిలోనే కార్డు మీద కట్టేశాను. తొంభై రోజుల్లో స్లైస్ పోకపోతే డబ్బు వాపసు ఇస్తామని నోటిమాటగా చెప్పారు.

కోర్సులోకి వెళ్లిన మొదటి రోజే లెక్క తారుమారైంది. స్లైస్ నిజంగానే కొంత తగ్గింది. కానీ మునుపు పదింట రెండుగా ఉన్న హుక్‌లు ఐదయ్యాయి, అవి కూడా మామూలు హుక్‌లు కావు. కుడివైపు వంగే బంతి గాలిలో తేలి ఎక్కడో ఒకచోట మెత్తగా దిగుతుంది గనుక చాలాసార్లు వెతికి ఆడుకోవచ్చు. హుక్ అయిన బంతి కిందికి కొట్టుకుపోతూ, నేలను తాకాక కూడా ఆగకుండా దొర్లి హద్దు దాటిపోతుంది. మూడో హోల్‌లో వరుసగా రెండు బంతులు హద్దు బయట పోగొట్టుకుని, నాతో ఆడుతున్న మిత్రుల ముందు ఆ 1,450 డాలర్ల సంగతి ఎత్తలేక ఊరుకున్నాను.

కారణం జూన్‌లో తెలిసింది. ఊరి పబ్లిక్ కోర్సు రేంజ్‌లో (బంతులు కొట్టి సాధన చేసే చోట) పాఠాలు చెప్పే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన నన్ను కొట్టమనే ముందే డ్రైవర్ తీసుకుని, తల షాఫ్ట్‌తో కలిసేచోట ఉండే హోజెల్ మీది గుర్తులు కళ్లద్దాలు పైకి జరిపి చూశారు. నా రసీదులో ఉన్నది తొమ్మిది డిగ్రీల తల. ఆ హోజెల్ మాత్రం లాఫ్ట్ (బంతిని పైకి లేపే వాలు) పెంచే వైపు చివరి గుర్తు దాకా తిప్పి ఉంది. అలా తిప్పినప్పుడు లాఫ్ట్‌తో పాటు ఫేస్ (బంతికి తగిలే ముఖం) కూడా కొంత మూసుకుంటుంది, అంటే కుడిచేతి ఆటగాడికి ఎడమవైపు చూస్తుంది. అడుగున జరపగలిగే బరువు కూడా పూర్తిగా హీల్ (షాఫ్ట్ దగ్గరి అంచు) వైపు ఉంది. ఇవి రెండూ న్యాయమైన సర్దుబాట్లే, తయారీదారులే ఇచ్చినవి. నన్ను బాధపెట్టింది వేరే సంగతి. నా పాత డ్రైవర్‌కు కూడా అదే రకం హోజెల్ ఉంది. దాన్ని తిప్పే రెంచ్ నా బ్యాగు జేబులోనే మూడేళ్లుగా పడి ఉంది. సిమ్యులేటర్ గదిలో నేను చూసిన తేడాలో చాలా భాగం కొత్త క్లబ్‌ది కాదు, చెప్పకుండా తిప్పి పెట్టిన ఆ హోజెల్‌ది. పాతదాన్ని కూడా అదేవిధంగా తిప్పి పక్కపక్కన కొట్టించి ఉంటే నేను పైసా కూడా ఖర్చు పెట్టేవాడిని కాదు.

ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఈ చిన్న లెక్క తెలియకే నేను మోసపోయాను. డ్రైవర్‌తో కొట్టిన బంతి ఏ వైపుకు బయలుదేరుతుందన్నది సుమారు 85 శాతం ఫేస్ చూసే దిక్కు మీదే ఆధారపడి ఉంటుంది. బయలుదేరాక ఎటు వంగుతుందన్నది ఫేస్‌కూ, క్లబ్ కదిలే దారికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. దారి ఐదు డిగ్రీలు ఎడమకు, ఫేస్ రెండు డిగ్రీలు కుడికి ఉంటే తేడా ఏడు డిగ్రీలు, బంతి కుడికి వంగుతుంది. నా స్లైస్ అదే. హుక్ రోజున నా దారి నాలుగు డిగ్రీలు కుడికి, ఫేస్ మూడు డిగ్రీలు ఎడమకు. తేడా మళ్లీ ఏడే, కానీ వ్యతిరేక దిశలో. ఇప్పుడు ఫేస్‌ను మరో రెండు డిగ్రీలు మూసి ఇచ్చే డ్రైవర్ చేతికొస్తే స్లైస్ తేడా ఏడు నుంచి ఐదుకు దిగుతుంది, హుక్ తేడా తొమ్మిదికి ఎక్కుతుంది. ప్రతిసారీ ఒకేవైపు తప్పే మనిషికి అలాంటి డ్రైవర్ నిజంగా మేలు చేస్తుంది, అందులో సందేహం లేదు. రెండువైపులా తప్పే మనిషికి దాన్ని అమ్మడం మాత్రం, జ్వరమూ చలీ మార్చిమార్చి వచ్చేవాడికి రాత్రింబవళ్లు దుప్పటి కప్పి ఉంచడం లాంటిది.

నా ఫేస్ కోణం ఎంతో ఆ దుకాణంలో అసలు కొలవనే లేదు. బంతి వేగం, దిశ కొలిచే యంత్రాలైన లాంచ్ మానిటర్లలో, కెమెరాతో పనిచేసే చాలావాటికి ఫేస్ మీద చిన్న చిన్న మెరిసే స్టిక్కర్లు అంటిస్తేనే క్లబ్ కదలిక, ఫేస్ కోణం తెలుస్తాయి. ఆ రోజు నా క్లబ్‌కు ఒక్క స్టిక్కర్ కూడా అంటించలేదు. తెర మీద ఉన్నవన్నీ బంతి అంకెలే. వేగం, ఎత్తు, దూరం, గీత కనిపించాయి గానీ తప్పు ఎక్కడుందో చెప్పే అంకె ఒక్కటీ లేదు. అడగాలన్న సంగతే నాకు తెలియదు.

రేంజ్‌లోని పెద్దాయన ఏ యంత్రమూ పెట్టలేదు. మందుల షాపులో దొరికే, పాదాలకు కొట్టుకునే పౌడరు స్ప్రేను డ్రైవర్ ఫేస్ మీద పలచగా కొట్టి, పది బంతులు ఆడించి, ప్రతి బంతి తరువాత క్లబ్ తిప్పి చూపించారు. తెల్లటి పౌడరులో బంతి ముద్ర గుండ్రంగా, గుంటల గీతలతో సహా పడింది. పదింట ఏడు ముద్రలు ఫేస్ నడిమికి కాక హీల్ వైపు, దాదాపు అంగుళం దూరంలో ఉన్నాయి. హీల్‌కు తగిలిన బంతికి, ఫేస్ ఎంత నేరుగా ఉన్నా, కుడివైపు తిరిగే స్పిన్ అంటుకుంటుంది. నా స్లైస్‌లో ఎంత భాగం అక్కడి నుంచి వస్తోందో ఆ తెల్లపొడి చూశాకే అర్థమైంది. గ్రిప్ కూడా తప్పేనని ఆయన చెప్పారు. నేను క్లబ్‌ను క్రికెట్ బ్యాట్‌లా పట్టుకుని, తగిలే క్షణంలో మణికట్లు బిగించేస్తున్నాను. ఫేస్ తెరుచుకుని ఉందని లోలోపల తెలిసి, కొన్నిసార్లు చివరి క్షణంలో చేతులు తిప్పేస్తున్నాను. హుక్‌లు పుట్టేది అక్కడే. దుకాణం వారి రెండు పాఠాల్లోనూ నాకు చెప్పింది ‘లోపలి నుంచి బయటికి కొట్టండి’ అన్న ఒక్క మాటే. ఫేస్ సంగతి చూడకుండా దారిని మాత్రమే కుడికి తిప్పడం నా హుక్‌ను ఇంకా పెంచింది.

డబ్బు వాపసు అడగడానికి వెళ్లినప్పుడు రసీదు వెనకనున్న సన్నటి అక్షరాలు చూపించారు. ఐదు పాఠాలూ పూర్తి చేయాలి, వారి గదిలో, వారి యంత్రం మీదే పరీక్ష జరగాలి, అదంతా తొంభై రోజుల్లో ముగియాలి. పాఠాలకు మాత్రం వారు నెలకు ఒక్క తేదీ ఇస్తారు. ఐదు పాఠాలు తొంభై రోజుల్లో పూర్తికావడం క్యాలెండరు ప్రకారమే కుదరదు. పైగా గ్యారంటీ స్లైస్‌కు మాత్రమేనట, హుక్ అందులోకి రాదట. షాఫ్ట్ నా కోసం ప్రత్యేకంగా కోసి బిగించినది కనుక వాపసు లేదన్నారు. వాడని మూడు పాఠాలకు 270 డాలర్లు తిరిగి ఇచ్చారు. మిగిలిన 1,180 పోయినట్టే.

స్లైస్ రాని వస్తువు చేయడం అసాధ్యమని నేను అనడం లేదు. 1970లలోనే పొలారా అనే బంతి వచ్చింది. దాని మీది గుంటలు అంతటా ఒకేలా ఉండవు కనుక అది పక్కకు వంగడం తగ్గేది. దాని దరిమిలా 1981లో బంతి అన్ని వైపులా ఒకేలా ఎగరాలన్న నియమం వచ్చి, అలాంటి బంతులు పోటీలకు చెల్లకుండా పోయాయి. డ్రైవర్లకూ హద్దులున్నాయి. తల 460 ఘన సెంటీమీటర్లు, పొడవు 48 అంగుళాలు మించకూడదు. నియమాలకు లోబడిన డ్రైవర్ తలల జాబితాను గోల్ఫ్ నియమాలు చేసే ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ సంస్థలు అందరికీ అందుబాటులో ఉంచుతాయి. ‘మాది ఎవరి దగ్గరా లేని టెక్నాలజీ’ అని ఎవరైనా అంటే, ముందు ఆ జాబితాలో దాని పేరుందో లేదో చూసుకోండి.

కొనడం తప్పనిసరి అనుకుంటే, మీ పాత డ్రైవర్‌నూ కొత్తదాన్నీ ఒకే లాఫ్ట్‌కు, ఒకే హోజెల్ అమరికకు పెట్టి, మార్చిమార్చి కొట్టిస్తారా అని అడగండి. ఫేస్ కోణం, క్లబ్ దారి, ఫేస్ మీద తగిలిన చోటు తెర మీద చూపించమనండి, ఆ కాగితం ఇంటికి తెచ్చుకోండి. తొమ్మిది బంతులతో తృప్తిపడకుండా, ఒళ్లు అలిసే దాకా ముప్ఫై బంతులైనా కొట్టండి, ఎందుకంటే హుక్ బయటపడేది అలసటలోనే. కనీసం సగమైనా బయటి రేంజ్‌లో, బంతి పడేచోటు కంటికి కనిపించేలా కొట్టండి. గ్యారంటీ నోటిమాటగా ఉంటే లేనట్టే, హుక్‌తో సహా రాసి ఇవ్వమనండి.

ఇప్పటికే నాలా చిక్కుకున్నవారు ఆలస్యం చేయకండి. ఇక్కడ క్రెడిట్ కార్డుతో కొని, వస్తువు ఒప్పుకున్నట్టు అందలేదనుకుంటే, మొదటి బిల్లు పంపిన 60 రోజుల్లోగా కార్డు సంస్థకు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. నేను తొంభై రోజుల గ్యారంటీని నమ్ముకుని కూర్చోవడంతో ఆ గడువు దాటిపోయింది. టెక్సాస్‌లో 20,000 డాలర్ల లోపు వివాదాలను జస్టిస్ కోర్టు వింటుంది, అటార్నీ జనరల్ కార్యాలయానికి కూడా ఫిర్యాదు చేయవచ్చు. మన దేశంలో కొన్నవారు 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు ఉండదు.

బావగారికి నేను చెప్పింది ఇంతే: "ముందు పౌడరు స్ప్రే కొని, పది ముద్రలు ఫోటో తీసి పంపండి, తరువాత చూద్దాం." పోయిన ఆదివారం పంపారు. ఆయనవి కూడా హీల్ వైపే ఉన్నాయి. బంతికి కొంచెం దూరంగా నిలబడి చూడమన్నాను. నేను ఇప్పుడు పాత డ్రైవర్‌తోనే ఆడుతున్నాను. గ్రిప్ మార్చి, టీ కొంచెం ఎత్తు పెంచాక రెండువైపులా కలిపి పదింట మూడు మాత్రమే తప్పుతున్నాయి. కొత్తది గ్యారేజీలో ఉంది. ఈ సంగతి చెప్పకుండా ఇంకొకరికి అమ్మడానికి మనసొప్పలేదు. ఇలాంటి ప్యాకేజీ ఎవరైనా మీకు చూపించి ఉంటే, డబ్బు కట్టే ముందు ఒక శనివారం రేంజ్‌కు రండి. ఆ డ్రైవర్‌నూ, రెంచ్‌నూ, పౌడరు డబ్బానూ తెస్తాను. మీరే కొట్టి చూసుకోవచ్చు.