మైలేజీ పడిపోయి వెనక కంపు కొడుతుంటే: ముక్కా, స్కానరా?

మా 2009 మోడల్ పెట్రోల్ కారు రోజూ కావలి నుంచి నెల్లూరుకు తిరుగుతుంది. లీటరుకు 16 ఇచ్చే బండి డిసెంబరుకల్లా 11కి దిగింది. దానికి తోడు కోవూరు దాటి పెన్నా బ్రిడ్జి దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే చాలు, కుళ్ళిన కోడిగుడ్డు కంపు.

"ఇథనాల్ కలుపుతున్నారుగా, అందుకే" అన్నారు అందరూ. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువన్నది నిజమే. అయితే 20 శాతం కలిపితే నా బండికి లీటరుకు ఒక్క కిలోమీటరే తగ్గాలి, ఐదు కాదు.

ఇలాంటప్పుడు చాలామంది చేసే పనే నేనూ చేశాను. అనుమానం వచ్చిన పార్టల్లా మార్చాను. ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు, ఆక్సిజన్ సెన్సర్. ఆరు వేలు పోయాయి, మైలేజీ మాత్రం కదల్లేదు. అసలు ఇంజెక్షన్ బండిలో, అంటే కంప్యూటర్ కొలిచి పెట్రోల్ చిమ్మే బండిలో, ఫిల్టర్ మూసుకుంటే పికప్ తగ్గుతుంది గానీ మైలేజీ పెద్దగా పడదట. ఫిల్టర్ మారిస్తే మైలేజీ వస్తుందన్నది కార్బురేటర్ల కాలం నాటి మాట. ఈ దారి ఎవరికీ చెప్పను.

ముక్కుకు ఖర్చు లేదు. పచ్చి పెట్రోల్ వాసన వస్తే అది కాలకుండానే బయటికి పోతోందని. గుడ్డు కంపు వస్తే పెట్రోల్ ఎక్కువై, పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ మీద భారం పడుతోందని అనుమానించాలి. పెట్రోల్‌లోని కాస్త గంధకమే అక్కడ హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారి కంపు కొడుతుంది. నీలం పొగతో మాడిన నూనె వాసనైతే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగక, అందులో తియ్యటి వాసన తగిలితే మాత్రం బండి పక్కన పెట్టేయండి. కూలెంట్ లోపలికి దిగుతోందేమో, ఇంజన్ పైభాగంలో సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ చూపించాలి.

వాసన తర్వాత ప్లగ్గులు విప్పించాలి. బిస్కెట్ రంగులో ఉంటే మంచిది. నావి నాలుగూ దీపం బుడ్డి మసిలా నల్లగా ఉన్నాయి, వేలితో రుద్దితే పొడిపొడిగా అంటుకుంది. ఒక్కటే నల్లగా ఉంటే ఆ సిలిండర్‌కు పెట్రోల్ చిమ్మే ఇంజెక్టరో, ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిలో చూడాలి. నాలుగూ అలాగే ఉంటే జబ్బు అందరికీ కలిపి ఒక్కటే. ముక్కు, ప్లగ్గు ఇంతవరకే చెబుతాయి. పెట్రోల్ ఎక్కువ పోతోందని తెలిసింది గానీ, ఎందుకు పోతోందో తెలియలేదు.

బండి కంప్యూటర్‌లోని సమాచారం చదివే స్కానర్ దగ్గరే అసలు తేడా. మొదట వెళ్ళిన చోట అయిదు నిమిషాలు పెట్టి, "కోడ్ ఏమీ లేదు, బండి బాగుంది" అన్నారు. కోడ్ అంటే కంప్యూటర్ పట్టుకున్న లోపానికి గుర్తు. రెండో మెకానిక్ స్కానర్ బండికి తగిలించి ఉంచే హైవే ఎక్కించాడు. 40 కిలోమీటర్లు పోయినా కూలెంట్ వేడి 60 డిగ్రీలు దాటలేదు. 85, 90 ఉండాలి.

"ఏందన్నా, వాల్వు పీకించినావా?"

పీకించాను. మే నెల ఎండల్లో బండి హీటెక్కుతోందంటే వేరే ఒకతను థర్మోస్టాట్ తీసి పక్కన పడేశాడు. ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే వాల్వు అదే. ఆ తర్వాత టెంపరేచర్ సూది సగానికి కూడా రావట్లేదని నేను సంతోషించాను కూడా! ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పొద్దున స్టార్ట్ చేసినప్పటిలా పెట్రోల్ పోస్తూనే ఉంది. పాత బండి కదా, దీనికి కోడ్ కూడా పడలేదు.

అందుకని నా ఓటు ముందు ముక్కుకు, ప్లగ్గుకు. తర్వాత స్కానర్‌కు, అదీ బండి నడుస్తుండగా లైవ్ డేటా చూసేవాడి దగ్గరైతేనే. వట్టి కోడ్ చదివేవాడికైతే డబ్బు ఇవ్వక్కర్లేదు. కార్బురేటర్ బండి ఉన్నవాళ్ళకు స్కానర్‌తో పనే లేదు, ముక్కూ ప్లగ్గే దిక్కు.

కొత్త థర్మోస్టాట్, కూలెంట్ వేయించాక ఫుల్ ట్యాంకు కొట్టించి, మళ్ళీ ఫుల్ చేయించి లెక్కేస్తే 15 వచ్చింది. అప్పుడు తీయించిన పాత ఆక్సిజన్ సెన్సర్ ఇంకా డిక్కీలోనే ఉంది. అది బాగానే పనిచేస్తుంది.