పంపా, పౌడరా, నెబ్యులైజరా: సీఓపీడీ ఉన్నవాళ్లకు ఏది మేలు?

సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకైపోయి గాలి సరిగ్గా బయటికి పోని, ఏళ్ల తరబడి ఉండే ఊపిరితిత్తుల జబ్బు) పేషెంట్ల ఇళ్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. "నాన్నకు పంపు మంచిదా, క్యాప్సూల్ పెట్టి పీల్చే పౌడర్ మంచిదా? ఇవన్నీ ఎందుకు, నెబ్యులైజర్ కొనేస్తే సరిపోదా?" మందు పేరు గురించి అడిగేవాళ్లు తక్కువ, అందులో తప్పేమీ లేదు. పంపు అంటే నొక్కితే గ్యాస్‌తో మందు చిమ్మే ఇన్‌హేలర్, నెబ్యులైజర్ అంటే మందు ద్రవాన్ని తుంపరగా మార్చి మాస్క్ లేదా మౌత్‌పీస్ ద్వారా అందించే యంత్రం. మూడింటిలోనూ దాదాపు అవే రకాల మందులు దొరుకుతాయి: శ్వాసనాళాలను తెరిచేవి, తరచూ జబ్బు తిరగబెట్టే కొందరికి స్టిరాయిడ్. తేడా వచ్చేది ఆ మందు ఊపిరితిత్తుల లోపలి దాకా చేరే దారిలోనే.

స్పైరోమెట్రీలో (గొట్టంలోకి ఊదించి ఊపిరిని కొలిచే పరీక్షలో) జబ్బు తేలినవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. అంటే నాళాలు తెరిచే మందు ఇచ్చి ఊదించాక కూడా, మొదటి సెకనులో వదిలిన గాలికి మొత్తం వదిలిన గాలికి మధ్య నిష్పత్తి 0.7 కంటే తక్కువ వచ్చినవాళ్లు. ఆ పరీక్ష చేయించుకోకుండానే ఏళ్ల తరబడి ఇన్‌హేలర్ వాడుతున్నవాళ్లు ముందు అది చేయించుకోండి. అది ఆస్తమా అయితే చికిత్స నడిచే తీరు వేరు.

నా లెక్కలో అసలు తేల్చేది ఒక్కటే: ఆ మనిషి గాలిని ఎంత బలంగా లోపలికి లాగగలడు?

పౌడర్ ఇన్‌హేలర్‌లో మందును బయటికి నెట్టే గ్యాస్ ఉండదు. పేషెంటు లాగే గాలే ఆ పొడిని లేపాలి, సన్నటి రేణువులుగా విడగొట్టాలి. పరికరాన్ని బట్టి నిమిషానికి సుమారు 30 నుంచి 60 లీటర్ల వేగంతో లాగితే గానీ ఆ పని సరిగ్గా జరగదు. సీఓపీడీలో పాత గాలి పూర్తిగా బయటికి పోక ఊపిరితిత్తులు ఉబ్బిపోయి ఉంటాయి. వాటి కింద గొడుగులా ఉండాల్సిన డయాఫ్రం (ఊపిరి లాగే ప్రధాన కండరం) చదునైపోతుంది. దాంతో లాగే శక్తి తగ్గుతుంది. జబ్బు తిరగబెట్టి ఆయాసం పెరిగిన రోజున ఇంకా తగ్గుతుంది. మందు బాగా అందాల్సిన రోజే సరిగ్గా అందకపోతుందన్నమాట.

ఒక పెద్దాయన విషయం చెప్తాను. రోజూ తప్పకుండా పౌడర్ తీసుకుంటున్నా మెట్లెక్కితే ఆయాసం అలాగే ఉందని వచ్చారు. అప్పటికే డోసు ఒకసారి పెంచారు. నా ఎదురుగా ఒకసారి తీసుకోమన్నాను. క్యాప్సూల్ పెట్టి తిప్పారు, పెదాలు బిగించారు, చాలా నెమ్మదిగా, జాగ్రత్తగా పీల్చారు. క్యాప్సూల్ గిరగిరా తిరిగే చప్పుడు రాలేదు. తెరిచి చూస్తే సగం పొడి అందులోనే ఉంది. అంతకుముందు ఆయన పంపు వాడేవారట, "నిదానంగా పీల్చండి" అని అప్పుడు ఎవరో గట్టిగా చెప్పారట. పంపుకి అది అక్షరాలా సరైన సలహా. పౌడర్‌కి సరిగ్గా వ్యతిరేకం కావాలి: మొదటి క్షణం నుంచే గట్టిగా, ఒక్క ఊపులో లాగాలి. గట్టిగా లాగి చూడమన్నా ఆయనకు అంత బలం రాలేదు. అదే రకం మందును పంపు, స్పేసర్‌తో (పంపుకి తగిలించే, మందును కాసేపు పట్టి ఉంచే ప్లాస్టిక్ గొట్టంతో) ఇచ్చాం.

పంపుకి ఉన్న పెద్ద ఇబ్బంది నొక్కడం, పీల్చడం ఒకేసారి జరగాల్సి రావడం. ముందు నొక్కేసినా, గబుక్కున పీల్చినా మందు గొంతు వెనక గోడకే కొట్టుకుంటుంది. ఆ చిక్కును చాలావరకు స్పేసర్ తీర్చేస్తుంది. పంపు ఊపి, ఊపిరంతా వదిలి, ఒక పఫ్ స్పేసర్‌లోకి నొక్కి, నాలుగైదు సెకన్లపాటు నిదానంగా పీల్చి, వీలైతే పది సెకన్లు బిగబట్టాలి. బిగబట్టలేనివాళ్లు స్పేసర్‌లోంచే మామూలుగా నాలుగైదు సార్లు ఊపిరి తీసినా పనవుతుంది. రెండు పఫ్‌లూ ఒకేసారి నొక్కేయకండి, అర నిమిషమైనా ఆగండి. స్పేసర్‌ను సబ్బునీళ్లలో కడిగి, తుడవకుండా ఆరనివ్వండి. బట్టతో రుద్దితే ప్లాస్టిక్‌లో స్టాటిక్ కరెంటు పుట్టి మందును గోడలకే అంటించేసుకుంటుంది.

అందుకే వయసు పైబడినవాళ్లకు, బాగా సన్నబడినవాళ్లకు, జబ్బు ముదిరినవాళ్లకు నా మొగ్గు పంపు, స్పేసర్ జోడీ వైపే. స్పేసర్ పెద్దదిగా ఉంటుంది, జేబులో పట్టదు, బయటికి వెళ్తూ ఇంట్లో వదిలేస్తారు, ఇవన్నీ నిజమే. లాగే బలం బాగా ఉన్నవాళ్లకు పౌడర్ చక్కటి పరికరం: నొక్కడంలో టైమింగ్ టెన్షన్ లేదు, వాతావరణాన్ని వేడెక్కించే గ్యాసూ లేదు. ఆ బలం ఉందో లేదో ఊహించక్కర్లేదు, పీల్చే వేగాన్ని కొలిచే చిన్న మీటర్లు ఉన్నాయి, డాక్టర్‌ని అడగండి. పౌడర్ వాడేవాళ్లు పరికరంలోకి ఊపిరి వదలకూడదు, తేమకి పొడి ఉండకడుతుంది. ఇంకో మాట: రోజువారీ మందు పౌడర్‌లో, ఆయాసం వచ్చినప్పుడు వాడేది పంపులో ఉంటే ఆ పెద్దాయనలాగే తికమక పడతారు. వీలైతే రెండూ ఒకే రకంలో రాయించుకోండి.

నెబ్యులైజర్ "పవర్‌ఫుల్" అన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. పొగలా కనబడుతుంది కాబట్టి అలా అనిపించడం సహజమే. కానీ శ్వాసనాళాలను తెరిచే సాల్బుటమాల్ అనే మందు పంపులో ఒక పఫ్ సుమారు 100 మైక్రోగ్రాములైతే నెబ్యులైజర్‌లో వేసేది సాధారణంగా 2.5 మిల్లీగ్రాములు (2500 మైక్రోగ్రాములు), అందులో చాలా భాగం గాలిలో కలిసిపోతుంది. ఆయాసం పెరిగినప్పుడు కూడా స్పేసర్‌తో తగినన్ని పఫ్‌లు తీసుకుంటే చాలామందిలో ఫలితం దాదాపు సమానంగానే ఉంటుంది. పైగా నెబ్యులైజర్‌తో చేతుల వణుకు, గుండె దడ ఎక్కువగా కనబడతాయి, కప్పు సరిగ్గా శుభ్రం చేయకపోతే ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది. పంపు నొక్కే బలం చేతికి లేనివాళ్లకు, చెప్పింది గుర్తుండనివాళ్లకు, స్పేసర్‌లోంచి కూడా పీల్చలేనంత నీరసించినవాళ్లకు మాత్రం అదే సరైనది. గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉంటే, శ్వాసనాళాలను తెరిచే ఇప్రాట్రోపియం అనే మందు వేసేటప్పుడు మాస్క్ బదులు మౌత్‌పీస్ వాడండి, మందు కళ్లలో పడకూడదు.

నెమ్మదిగా తుంపర వదిలే సాఫ్ట్ మిస్ట్ రకం కూడా ఉంది. గ్యాస్ లేదు, లాగే బలమూ పెద్దగా అక్కర్లేదు. మీకు రాసిన మందు అందులో దొరికితే మంచిదే.

ఏది వాడినా అందులో స్టిరాయిడ్ ఉంటే నీళ్లు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లటి పూత రావచ్చు. ఇంట్లో నెబ్యులైజర్ ఉన్నవాళ్లకు నా భయం వేరే ఉంది: ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుంటూ ఆస్పత్రికి వెళ్లడం ఆలస్యం చేస్తారు. మందు పెట్టినా ఆయాసం తగ్గకపోయినా, పెదాలు నీలంగా మారినా, మనిషి మగతగా పడి ఉన్నా, మాట పూర్తి చేయలేకపోతున్నా ఇంకో డోసు పెట్టి చూద్దామని కూర్చోకండి, వెంటనే ఆస్పత్రికి బయల్దేరండి.