లైబ్రరీ క్లాసు ఎప్పుడు మేలు: చేరిన రోజా, ప్రాజెక్టు మధ్యలోనా?

అడ్మిషన్లు ముగిశాయంటే కావలి నుంచో కందుకూరు నుంచో తోటి లైబ్రేరియన్లు ఫోన్ చేస్తారు. ఏటా అడిగేది అదే. "సార్, పిల్లలకి సమాచారం వెతుక్కోవడం, దొరికింది నమ్మొచ్చో లేదో తేల్చుకోవడం ఎట్లా నేర్పుదాం? చేరంగానే ఒక పూట ఓరియంటేషన్ పెడితే చాలా, ముప్పై గంటల సర్టిఫికెట్ కోర్సు పెట్టమంటారా, లేకపోతే సబ్జెక్టు వాళ్ళ క్లాసులోకే మనం పోదామా?" ఒంగోలులో డిగ్రీ కాలేజీ లైబ్రరీ చూసుకుంటూ ఈ మూడూ చేసి చూశాను.

ఓరియంటేషన్ తేలిక. కొత్త పిల్లలందరికీ ఒక్క పూటలో లైబ్రరీ ఎక్కడుందో, పుస్తకం ఎన్ని రోజులు ఉంచుకోవచ్చో తెలుస్తుంది. అంతకు మించి మన ముఖం తెలుస్తుంది, ఫలానా సార్‌ని అడగొచ్చనే ధైర్యం వస్తుంది. ఇంట్లో అందరికంటే ముందు డిగ్రీ గడప తొక్కిన పిల్లలకి ఆ ధైర్యం చాలా పెద్దది. కానీ ఎన్-లిస్ట్‌లో (కాలేజీలకి ఈ-పత్రికలు, ఈ-పుస్తకాలు అందించే ఆన్‌లైన్ సేవ) వ్యాసం వెతకడం ఆ రోజు ఎంత బాగా చూపించినా నెలకల్లా మరిచిపోతారు. తప్పు వాళ్ళది కాదు. వెతకాల్సిన ప్రశ్నే అప్పటికి వాళ్ళ చేతిలో లేదు.

నేను చూసేది అదే. నేర్పే రోజున పిల్లల చేతిలో ప్రశ్న ఉందా? దానికి మార్కులేసే లెక్చరర్ పక్కనే ఉన్నారా?

విడి కోర్సుదీ ఇదే లెక్క. పీహెచ్‌డీ వాళ్ళకి యూజీసీ 2019లో పరిశోధన, ప్రచురణ నైతికత మీద రెండు క్రెడిట్ల కోర్సు తప్పనిసరి చేసింది. అక్కడ అది నిలబడుతుంది, ఎందుకంటే ఎవరి అంశం వాళ్ళకి ఉంటుంది. డిగ్రీలో మేం పెట్టినప్పుడు, ఎలాగూ లైబ్రరీకి వచ్చే పిల్లలే చేరారు. కొండపి, దర్శి బస్సు తప్పిపోతే ఇల్లు చేరలేని పిల్లలు సాయంత్రం క్లాసుకు ఎలా ఉంటారు? మాకు అవసరమైంది వాళ్ళే. కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే న్యాక్ కోసం పెట్టే ఫైల్లో మాత్రం ఈ కోర్సు బాగా కనబడుతుంది. ప్రిన్సిపాల్‌కి అదీ అవసరమే, కాదనను.

ఇక మూడోది. మన డిగ్రీ పిల్లలకి మొదటి ఏడాది తర్వాత, ఊరి సమస్య ఒకటి తీసుకుని చేసే 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది కదా. కనిగిరి వైపు నుంచి వచ్చే నలుగురు తమ ఊళ్ళ ఫ్లోరైడ్ నీళ్ళ మీద తీసుకున్నారు. కెమిస్ట్రీ మేడం తన రెండు పీరియడ్లు నాకిచ్చి తానూ కూర్చున్నారు. పిల్లలు తెచ్చిన మొదటి ఆధారం నీళ్ళ ఫిల్టర్లు అమ్మే వాళ్ళ సైటు. ఆ పేజీనే చదువుతూ కూర్చోకుండా పక్కన ఇంకో ట్యాబ్ తెరిచి, ఇది ఎవరిది, ఎందుకు రాశారు అని చూడమన్నాను. ఇది నా సొంత తెలివి కాదు. స్టాన్‌ఫర్డ్‌లో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 10 మంది చరిత్రకారులు, 10 మంది ఫ్యాక్ట్ చెకర్లు, 25 మంది విద్యార్థులు సైట్లను ఎలా అంచనా వేస్తారో పరిశీలించారు. త్వరగా, సరిగ్గా తేల్చింది ఫ్యాక్ట్ చెకర్లే. తెలియని పేజీ నుంచి వెంటనే బయటికొచ్చి, దాని గురించి ఇతరులు ఏమంటున్నారో వాళ్ళు చూశారు.

అసలు పాఠం ఆ తర్వాత వచ్చింది. ఒకమ్మాయి లీటరుకు 1 మిల్లీగ్రాము హద్దు అని రాసింది, ఇంకో అబ్బాయి 1.5 అన్నాడు. ఇద్దరూ ఆధారం చూపించారు. భారత ప్రమాణాల్లో 1 ఆమోదించదగిన హద్దు, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ 1.5. అంకె ఎవరు చెప్పారో, ఏ పరిస్థితికి చెప్పారో చూడకుండా వాడకూడదని వాళ్ళకే తట్టింది. అమెరికా కాలేజీ లైబ్రరీల సంఘం 2000లో ఇచ్చిన ప్రమాణాల జాబితాను 2016లో పక్కనపెట్టి, ఆరు మూల భావనల చట్రం తెచ్చింది. ప్రామాణికత సందర్భాన్ని బట్టి ఉంటుందనేది అందులో ఒకటి. ఓరియంటేషన్‌లో ఆ మాట చెబితే పిల్లలు ఆవలిస్తారు. తమ ఊరి బోరు నీళ్ళ దగ్గర చెబితే వాదించుకున్నారు. నెల్లూరు వాళ్ళైతే రొయ్యల చెరువు మందులతో మొదలుపెట్టొచ్చు.

ఇబ్బంది లేకపోలేదు. మనల్ని రమ్మన్న లెక్చరర్ బదిలీ అయితే కథ మళ్ళీ మొదటికొస్తుంది. ఒక్క లైబ్రేరియన్ అన్ని సెక్షన్లకూ పోలేడు. అందుకని రెండు డిపార్ట్‌మెంట్లతో మొదలుపెట్టండి. ఇంటర్నల్స్‌లో ఆధారాల జాబితాకి కొన్ని మార్కులు కేటాయించమని ముందే అడగండి. మార్కుల్లేకపోతే ఏఐ రాసిచ్చిన, ఎక్కడా లేని వ్యాసాల పేర్లు కూడా జాబితాలోకి వచ్చేస్తాయి. న్యాక్ కోసం మొదటి జాబితా, చివరి జాబితా రెండూ దాచిపెట్టండి, తేడా అందులోనే కనబడుతుంది.

వీడియోల లింకులు, గోడ పోస్టర్లు అంటారా, పెట్టండి. వాటి మీదే ఆధారపడకండి.

మేం ఈసారి ఓరియంటేషన్‌ని ఇరవై నిమిషాలకి కుదించాం. కెమిస్ట్రీతో పాటు కామర్స్ వాళ్ళూ ఒప్పుకున్నారు. ప్రాజెక్టు అంశాలు ఖరారైన మర్నాడే రెండు పీరియడ్లు మాకు.